మంచం పట్టిన పెద్దవాళ్లను కొన్నాళ్లు అప్పగించే చోటు: చేర్చేముందు రాత్రి చార్టు చూడండి

నల్గొండలో హైదరాబాద్ రోడ్డు వైపు, మెయిన్ రోడ్డు నుంచి కాస్త లోపలికి వెళితే, రెండంతస్తుల ఇంటిని పెద్దవాళ్ల కోసం మార్చి నడుపుతున్న చోటు ఒకటి ఉంది. వృద్ధాశ్రమం కాదు. వారం మొదలు రెండు మూడు నెలల వరకే ఉంచుకుంటారు. ఇంట్లో చూసుకునే మనిషికి ఆపరేషనో, కూతురి కాన్పో, దూరప్రయాణమో వచ్చినప్పుడు అప్పగించి, పని అయ్యాక తీసుకెళ్లాలి. రెస్పైట్ కేర్ అని బోర్డు పెట్టారు. కేంద్రం పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే లోపాల్లో ముఖ్యమైనదాన్ని సరిచేస్తామని మాట ఇచ్చారు, ఆ గడువు ఇంకా ఉంది. పైగా ఇలాంటి చోటు ఏదైనా సరే, చూడాల్సినవి ఇవే.

నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. మా అత్తమ్మది మర్రిగూడ వైపు ఊరు. ఆ ఒక్క ముక్క చెబితే ఈ జిల్లావాళ్లకు మిగతాది చెప్పనక్కర్లేదు. ఫ్లోరైడు ఉన్న బోరు నీళ్లు తాగి పెరిగిన తరం. వెన్నెముక బిగుసుకుపోయి నడుము వంగింది, మెడ పక్కకు తిరగదు, ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరగాలి. నీళ్లలోంచి ఫ్లోరైడును పటిక, సున్నంతో తీసే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అని మన ఊరి పేరే పెట్టారు. ఒంట్లోంచి తీసే టెక్నిక్ మాత్రం ఎవరూ కనిపెట్టలేదు. ప్రభుత్వం వేసిన మిషన్ భగీరథ నల్లా వచ్చాక ఊళ్లో పిల్లలు తాగే నీళ్లు మారాయి గానీ, ఎముకల్లో పేరుకున్నది దిగదు. ఆ ఎముకలు చూడటానికి దట్టంగా ఉంటాయి, దెబ్బకు మాత్రం పెళుసు. గచ్చు మీద జారిపడి తుంటి విరిగింది, అప్పటి నుంచి అత్తమ్మ మంచంలోనే ఉంది.

నాకు గర్భసంచి ఆపరేషన్ చేయాలన్నారు. చేశాక ఆరు వారాలు బరువు ఎత్తవద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మా ఇంట్లో నేను ఎత్తే బరువుల్లో పెద్దది అత్తమ్మే. మా ఆయన లారీ మీద వెళితే ఎప్పుడొస్తారో ఆయనకే తెలియదు. ఆడపడుచు భివండిలో ఉంటుంది, ప్రేమంతా ఫోనులోనే. ఏజెన్సీ వాళ్లు మనిషిని ఇంటికి పంపిస్తామన్నారు. ఆ మనిషికి పడక, అన్నం చూడాలి, అత్తమ్మను ఎలా పట్టుకోవాలో పక్కన నిలబడి చెప్పాలి. కుట్లతో మంచం మీద ఉండే దాన్ని, నేనెక్కడ నిలబడను? అలా నల్గొండ చోటు వెతుక్కున్నాం.

చేర్చుకునేటప్పుడు వాళ్లు అడిగిన ప్రశ్నలు నాకు నచ్చాయి. మందుల చీటీ, షుగరు, బీపీ ఎవరైనా అడుగుతారు. అక్కడి సిస్టర్ అడిగినవి వేరు. అవ్వను ఏమని పిలిస్తే పలుకుతుంది? నీళ్లు గ్లాసుతో తాగుతుందా, చెంచాతోనా? ఏ పక్కకు పడుకుంటే నొప్పి తక్కువ? స్నానం అంటే భయమా, సిగ్గా? రాత్రి ఏదైనా జరిగితే ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలి, ఎవరు వస్తారు, ఎవరి మాట ఆఖరిది? ఈ చివరి ప్రశ్నకు మా ఆయన, నేను ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. ఇంట్లో ఎప్పుడూ అనుకోని మాట అది. అక్కడే కూర్చుని తేల్చి రాసి ఇచ్చాం.

ఆమె చూసిన ఇంకో సంగతి చెబితే ఆశ్చర్యపోతారు. మెడ వంగి గట్టిపడినందువల్ల అత్తమ్మను వెల్లకిలా పడుకోబెడితే తల పరుపుకు ఆనదు, గాలిలో ఉంటుంది. తెలియనివాళ్లు తలను కిందికి నొక్కి ‘పడుకో అవ్వా’ అంటారు. మాకు తెలిసిన ఆసుపత్రి వార్డులోనే అది జరిగింది. ఈ అమ్మాయి నేను చెప్పకముందే ఇంకో దిండు తెప్పించి సందు నింపింది. చంకల కింద చేతులు వేసి లాగకుండా, కింద మడతపెట్టిన దుప్పటి వేసి, ఇద్దరు చెరో వైపు పట్టుకుని, మనిషిని మొత్తంగా ఒకేసారి దొర్లించాలని ఆయమ్మలకు చూపించింది. ఇన్నాళ్లూ నేను ఒక్కదాన్నే అత్తమ్మ భుజం పట్టి తిప్పేదాన్ని. నా నడుము నొప్పికి కారణం మిల్లు కుర్చీ అనుకునేదాన్ని.

ఇంతవరకు పూర్తి మార్కులు. ఇక రాత్రి సంగతి.

ఆపరేషన్ అయిన కొత్తలో నేను వెళ్లలేదు. మా ఆయన వెళ్లి చూసి వచ్చి ‘బాగానే ఉంది’ అనేవారు. లారీ టైర్లు తప్ప లోకంలో ఆయనకు అన్నీ బాగానే ఉంటాయి. కుట్లు ఆరాక నేను వెళ్లాను. లెక్కలు రాసేవాళ్లకు ఒక జబ్బు ఉంటుంది, ఏ పుస్తకం కనిపించినా తిరగేస్తాం. మంచం కాళ్ల దగ్గర పక్క మార్చిన చార్టు వేలాడుతోంది. రెండు గంటలకోసారి మార్చినట్టు టిక్కులు. పగటి గడుల్లో ఒక్కో టిక్కు ఒక్కో తీరుగా ఉంది, ఒకటి నీలం, ఒకటి నలుపు, ఒకచోట చాయ్ మరక. రాత్రి పది నుంచి తెల్లవారి ఆరు వరకు మాత్రం అన్నీ ఒకే కలంతో, ఒకే వాలుగా ఉన్నాయి. మిల్లులో హమాలీల హాజరు పట్టీ ఇలా వస్తే నేను సంతకం పెట్టను.

కాగితం వదిలి చర్మం చూశాను. నడుము కింద, మోచేతులు, మడమలు, చెవుల వెనుక. ఎడమ మడమ మీద రూపాయి బిళ్లంత ఎర్రని మచ్చ. వేలితో నొక్కి వదిలితే మామూలు ఎరుపు ఒక్క క్షణం తెల్లబడుతుంది. ఇది తెల్లబడలేదు. పడక పుండుకు మొదటి మెట్టు అది. పైన చర్మం చిట్లకముందే పట్టుకుంటే తగ్గుతుంది, చిట్లితే నెలలు పడుతుంది.

మేనేజరును పిలిచి ఒక్కటే అడిగాను: రాత్రి ఆయమ్మలు ఎందరు? ఒక్కరే అన్నాడు. అత్తమ్మను తిప్పడానికి ఇద్దరు కావాలని రాసింది మీ సిస్టరే, ఉన్నది ఒక్కరు, మరి ఈ టిక్కులు ఎవరు పెట్టారు? ఆయన వాదించలేదు. అది ఆయన మంచితనమో, లెక్క తప్పదని తెలియడమో నాకు అనవసరం. ఆ రాత్రి నుంచే రెండో మనిషిని పెట్టారు. పిక్కల కింద దిండు పెట్టి మడమలు పరుపుకు తగలకుండా ఎత్తి ఉంచారు. టిక్కుల బదులు సమయం, కుడి పక్కా ఎడమ పక్కా, చేసినవాళ్ల పొడి అక్షరాలు రాయడం మొదలుపెట్టారు. మచ్చ మానింది. రెండో ఆయమ్మను అందరి కోసం శాశ్వతంగా ఉంచుతామన్నదే నేను పైన చెప్పిన మాట. పగలు వెళ్లి ముగ్గు, పూలకుండీలు చూసి వచ్చేవాళ్లకు ఇవేవీ కనిపించవు. రాత్రి తొమ్మిది దాటాక ఒకసారి వెళ్లండి. రానివ్వకపోతే చేర్చకండి.

ఎయిర్ బెడ్ వాడేవాళ్లకు ఇంకో మాట. దాని మోటారు కరెంటుతో నడుస్తుంది, కరెంటు పోతే పరుపులో గాలి దిగి మనిషి చెక్క మీద పడుకున్నట్టే. ఇన్వర్టర్ ఉందా అని అడిగితే అందరూ ఉందంటారు. మంచం పక్కనున్న ప్లగ్గుకు ఇన్వర్టర్ లైను ఇచ్చారా అని అడగాలి. వీళ్లు ఇచ్చారు. గాలివాన వచ్చిన సాయంత్రం ఫ్యాను ఆగింది గానీ మోటారు ఆగలేదు.

తిండి గురించి అత్తమ్మ తీర్పు: “ఇక్కడ కోళ్లతో పాటు పడుకోబెడతారు బిడ్డా.” ఆరున్నరకే రాత్రి భోజనం ముగిస్తారు. వంటవాళ్లు ఇంటికి వెళ్లాలి, అదీ కారణం. పెద్దవాళ్ల ఆకలికీ దానికీ సంబంధం లేదు. షుగరు ఉన్నవాళ్లు అంత తొందరగా తిని తెల్లవారే దాకా ఖాళీ కడుపుతో ఉండటం మంచిది కాదని అడిగాక, తొమ్మిదింటికి పాలో, పలుచటి జావో ఇస్తున్నారు. ఉప్పూ కారం అందరికీ ఒకే కొలత, అంటే ఎవరికీ లేనట్టే. అడిగితే జొన్న గటక వండిపెట్టారు, అది మెచ్చుకోవాలి. పచ్చిపులుసు మాత్రం మేమే తీసుకెళ్లాం.

ఎదురు మంచంలో ఒక పెద్దాయన ఉండేవారు. మతిమరుపు. పొద్దు వాలితే చాలు, చెరువు తూము మూయలేదని, కింది పొలాలు మునుగుతాయని లేచి వెళ్లబోయేవారు. మొదట్లో ఒక కుర్ర అటెండరు “ఇక్కడ చెరువెక్కడుంది తాతా” అని నవ్వేవాడు, ఆయనకు కోపం ఎక్కేది. సాయంత్రం డ్యూటీ ఆయమ్మ మాత్రం “నేను మూసి వచ్చాను పెద్దయ్యా, నీళ్లు నిలబడ్డాయి” అనేది. కూర్చునేవారు. ఎవరు ఏ డ్యూటీలో ఉన్నారన్నదే ఇలాంటి చోట్లలో అసలు తేడా, బోర్డు మీద ఎన్ని సౌకర్యాలు రాసినా సరే.

ఖర్చు. రోజుకు 1,100 రూపాయలు. డైపర్లు, మందులు వేరు. అత్తమ్మకు నెలకు వచ్చే ఆసరా పింఛను 2,016, రెండు రోజులకు చాలదు. రాజీవ్ ఆరోగ్యశ్రీలో పది లక్షల వరకు, 70 దాటినవాళ్లకు ఆయుష్మాన్ వయ వందన కార్డు మీద ఐదు లక్షల వరకు ఉంది కదా అని అడిగారు మా బంధువులు. అవి ఆసుపత్రి వైద్యానికి. పడుకోబెట్టి కోస్తే డబ్బు వస్తుంది, పడుకోబెట్టి చూసుకుంటే రాదు. డైపర్లకు ప్యాకెట్టు మీది పూర్తి ధర వేశారు, మెడికల్ షాపులో తగ్గించి ఇస్తారని చెప్పి మేమే తెచ్చుకున్నాం. రాని ఫిజియోథెరపిస్టుకు రాసిన లైను బిల్లులోంచి కొట్టించాను. అత్తమ్మ నేత చీర ఒకటి వేరేవాళ్ల మూటలో కలిసిపోయింది, బదులుగా వచ్చినది పాలిస్టరు. బట్టల మీద మార్కరుతో పేరు రాసి పంపండి.

మా ఆడపడుచు భివండి నుంచి ఫోను చేసి, “అమ్మను బయట పెట్టారట కదా వదినా” అంది. ఎవరో చేరవేశారు. నా కుట్ల సంగతి అడగలేదు. నేను సిస్టర్ నంబరు ఇచ్చి, రోజూ సాయంత్రం వీడియో కాల్ చేయమన్నాను. చేసింది. కొన్నాళ్లకు ఆమె ప్రశ్నలు మారాయి, మోషన్ అయ్యిందా, మచ్చ తగ్గిందా అని అడగసాగింది. ఇంట్లో ఉండగా ఆ ప్రశ్నలు వేసే అవసరం ఆమెకు ఎప్పుడూ రాలేదు, జవాబు నా చేతుల్లో ఉండేది కాబట్టి.

పంపించే ముందు ఇంటివాళ్లను పిలిచి ఒక పూట నేర్పిస్తారు. ఈ కేంద్రానికి నేను ఇచ్చే మార్కుల్లో సగం దీనికే. సిస్టర్ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, “మేడం బరువు ఎత్తకూడదు, సార్ రండి” అంది. మా ఆయన తల్లికి ఎప్పుడూ డైపరు మార్చలేదు. కొడుకు చేయడమేమిటని అత్తమ్మ కొంగు ముఖం మీదికి లాక్కుంది. ఆయన గోడ వైపు చూశారు. సిస్టర్ ఇద్దరినీ బతిమాలలేదు. పైన దుప్పటి కప్పి, కప్పిన దుప్పటి తీయకుండానే కింద పని ఎలా చేయాలో చూపించింది. మూడోసారికి ఆయనకు వచ్చింది. అత్తమ్మ కొంగు తీయలేదు గానీ, “నిదానంగా తిప్పు కొడుకా” అంది. ఇప్పుడు లారీ లేని రోజుల్లో రాత్రి పక్క మార్చే పని ఆయనదే. చార్టు ఇంట్లో కూడా పెట్టాను, పొడి అక్షరాలతో.

మీ దగ్గర్లో ఇలాంటి చోటు ఎక్కడుందో తెలియకపోతే 14567కు చేయండి. పెద్దవాళ్ల కోసం పెట్టిన ఉచిత హెల్ప్‌లైన్ ‘ఎల్డర్‌లైన్’, ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు పలుకుతుంది.

ఐదుకు మూడున్నర. యాసంగి వడ్లు మిల్లుకు వచ్చే రోజుల్లో నేను ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి అవుతుంది, అందుకని అప్పటికి మళ్లీ మంచం అడిగి పెట్టాం. పెళ్లిళ్ల సీజను కూడా అదే, ముందు చెప్పకపోతే దొరకదు. అడ్వాన్సు సగమే కట్టాను. రాత్రి ఇద్దరు ఆయమ్మలని రసీదు మీద రాసి ముద్ర వేసి ఇచ్చాక మిగతా సగం కడతాను.