నిలకడా, మెరుపులా?

మాది పర్లాకిమిడి, ఒడిశా ఎఫ్‌సీ ఫుట్‌బాల్ మ్యాచ్ అంటే ఫోన్‌ని చెంబుకి ఆనించి నేనూ మా మావయ్యా కూర్చుండిపోతాం, ఆయనకేమో 2023 సూపర్ కప్ లాంటి మెరుపులే కావాల, ఫైనల్లో బెంగళూరుని 2-1తో కొట్టారు కదా, రెండూ మా టీమ్ ఆటగాడు మౌరీసియో గోల్సే. నాకు సీజన్ మధ్యలో గుట్టుగా 1-0 గెలిచి, బయట గ్రౌండ్లో డ్రా తెచ్చుకునే టీమే ఇష్టం, నిద్రైనా పడతాది.

కానీ లెక్కేస్తే మావయ్య మాటా తీసిపారేసేది కాదు (ఆయనకి చెప్పను లెండి). లీగ్‌లో గెలుపుకి 3, డ్రాకి 1 పాయింట్ చొప్పున, పది మ్యాచుల్లో 5 గెలిచి 5 డ్రా చేస్తే 20 పాయింట్లు, 7 గెలిచి 3 ఓడితే 21. కప్ నాకౌట్లో అయితే ఒక్కటి ఓడినా ఇంటికే, లీగ్‌లో మళ్లీ వచ్చే మ్యాచ్ ఉంటాది.

మొన్న 0-0 అయితే ఆయన "ఏటిరా ఇది, ఉప్పులేని కూరలాగ" అనీసి లేచెళ్లిపోయాడు, నేను పాయింట్ల పట్టిక తెరిచి చూసుకున్నాను.