షోరూమ్ టెస్ట్ డ్రైవ్‌లో బయటపడని విషయాలు: మిడ్‌సైజ్ క్రాసోవర్ వ్యాగన్‌తో రెండు రోజుల ఫ్యామిలీ ట్రిప్

టెస్ట్ డ్రైవ్ అంటే పావుగంట. స్టీరింగ్ దగ్గర కొనేవాడు, పక్కన సేల్స్‌మన్. వెనక సీటూ ఖాళీ, డిక్కీ కూడా ఖాళీ. ఆ పావుగంటలో బాగా తెలిసేది డ్రైవర్ సీటు ఒక్కటే. ఫ్యామిలీ కారు మంచిచెడ్డలు తేలేది మాత్రం వెనక సీట్లో, నిండిన డిక్కీలో, బరువుతో ఘాట్ ఎక్కేటప్పుడు. అందుకే కొనాలనుకున్న మోడల్‌నే రెండు రోజులకు అద్దెకు తీసుకుని, ఇంటిల్లిపాదీ సామానుతో ఎక్కి, ఒక రాత్రి బయట బస చేసి రావడం మేలు. కారు ధరతో పోలిస్తే ఆ అద్దె ఖర్చు లెక్కలోకి రాదు.

క్రాసోవర్ వ్యాగన్ అంటే సెడాన్ లాంటి పొడవాటి బాడీని కాస్త ఎత్తు లేపి, నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందేలా చేసిన బండి. 1990ల మధ్యలో వచ్చిన సుబారు అవుట్‌బ్యాక్ ఈ దారి వేసింది. తర్వాత వోల్వో క్రాస్ కంట్రీ, ఆడి ఆల్‌రోడ్ వచ్చాయి. 2020-25 మోడళ్ల అవుట్‌బ్యాక్ గ్రౌండ్ క్లియరెన్స్, అంటే బండి అడుగుకూ నేలకూ మధ్య ఖాళీ, సుమారు 220 మిల్లీమీటర్లు. చాలా ఎస్‌యూవీలకు అంత ఉండదు. అయినా పైకప్పు ఎత్తు 1.68 మీటర్ల దగ్గరే ఆగుతుంది. ఈ తరహా బండి బలమంతా ఈ రెండు కొలతల్లోనే ఉంది. బలహీనతలు కూడా వీటి నుంచే వస్తాయి.

అద్దెకు తీసుకునేటప్పుడు మోడల్ పేరు కలిస్తే సరిపోదు, వేరియంట్ కూడా కలవాలి. ముఖ్యంగా చక్రాల సైజు. 17 అంగుళాల చక్రానికి వేసే 225/65 ఆర్17 టైరుకు సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) ఎత్తు 146 మిల్లీమీటర్లు, 18 అంగుళాలదానికి వేసే 225/60 ఆర్18కు 135. బయటి వ్యాసం దాదాపు ఒకటే గానీ, గతుకుల్లో ఆ 11 మిల్లీమీటర్ల రబ్బరు తేడా నడుముకు తెలుస్తుంది. 17 అంగుళాల చక్రాలతో నడిపి చూసి, అందంగా ఉన్నాయని 19 అంగుళాలవి కొంటే, నడిపి చూసిన బండి వేరు, ఇంటికొచ్చిన బండి వేరు.

బయల్దేరే ముందు బరువు లెక్క వేయాలి. దీన్ని దాదాపు ఎవరూ వేయరు. మొత్తం అనుమతించిన బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మిగిలేదే మోయగల బరువు. ఈ తరగతి కార్లలో అది మామూలుగా 400 నుంచి 500 కిలోల మధ్య ఉంటుంది. ఒక చిక్కుంది: యూరప్ లెక్కలో ఖాళీ బండి బరువులోనే 75 కిలోల డ్రైవర్‌ను కలిపేస్తారు, వేరే చోట్ల కలపరు. రెండు బ్రోషర్లు పక్కపక్కన పెట్టి చూసేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. ఇప్పుడు మన కుటుంబం. 75 కిలోల వాళ్లిద్దరు, 65 కిలోల పెద్దవాళ్లిద్దరు, అంటే 280. ఐదేళ్ల పిల్ల 18, ఆమె సీటు 10. డిక్కీలో సామాను 90. పైన రూఫ్ బాక్స్ 20, అందులో బట్టలు 40, దాన్ని మోసే కడ్డీలు 5. మొత్తం 463 కిలోలు. బండి పరిమితి 430 అయితే బయల్దేరకముందే ఓవర్‌లోడ్. పైకప్పు పరిమితి వేరే ఉంటుంది, చాలావాటికి 75 నుంచి 100 కిలోలు. అందులో బాక్స్ బరువు, కడ్డీల బరువు కూడా కలిసే ఉంటాయి.

టైర్ల గాలి కూడా ఈ బరువును బట్టే. డ్రైవర్ డోర్ తెరిస్తే స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది. చాలా కార్లలో మామూలు బరువుకు ఒక అంకె, పూర్తి బరువుకు ఇంకోటి రాసి ఉంటాయి. రెండోదే కొట్టించాలి, అదీ టైర్లు చల్లగా ఉన్నప్పుడు. ఉష్ణోగ్రత ఆరేడు డిగ్రీలు మారితే గాలి సుమారు ఒక పీఎస్ఐ మారుతుంది. హైవే మీద గంట నడిపి, వేడెక్కిన టైర్లలో ఎక్కువైందని గాలి తీసేస్తే మర్నాడు పొద్దున చల్లని టైర్లు తక్కువ గాలితో ఉంటాయి. బరువుతో, వేగంతో తక్కువ గాలి కలిస్తే టైరు వేడెక్కి పేలడానికి అదే దారి.

డిక్కీ విషయంలో బ్రోషర్ అంకెలను నమ్మకూడదు. ఒకే తరం అవుట్‌బ్యాక్‌కు యూరప్‌లో 561 లీటర్లని, అమెరికాలో 32.5 ఘనపుటడుగులని, అంటే దాదాపు 920 లీటర్లని రాస్తారు. డిక్కీ అదే, కొలిచే తీరే వేరు. ఒక పద్ధతిలో లీటరు సైజు పెట్టెలు పేర్చుతూ డిక్కీ కవర్ దాకానే లెక్కిస్తారు, ఇంకో దానిలో పైకప్పు దాకా కొలుస్తారు. కాబట్టి మీ ఇంటి పెద్ద సూట్‌కేసులు, పిల్లల స్ట్రోలర్ తీసుకెళ్లి పెట్టి చూడండి. కవర్ మూసుకుంటే చాలు. వ్యాగన్‌లో నేల పొడవుగా, వెడల్పుగా ఉంటుంది కాబట్టి సూట్‌కేసులు పడుకోబెట్టి పట్టించవచ్చు. పొట్టి ఎస్‌యూవీలో వాటిని నిలబెట్టి ఒకదాని మీద ఒకటి పేర్చాలి. అప్పుడు రెండు నష్టాలు: వెనక అద్దంలోంచి ఏమీ కనబడదు, గట్టిగా బ్రేకు వేస్తే పైనున్నది వెనక సీట్లో కూర్చున్నవాళ్ల తలల మీదికి వస్తుంది. బరువైనవి కింద, సీటు వీపుకు ఆనించి పెట్టాలి. సీటు వీపు కంటే ఎత్తుగా సామాను పేర్చక తప్పదనుకుంటే మధ్యలో వల ఉండి తీరాలి.

డిక్కీ గడప ఎత్తు కూడా టేపుతో కొలవండి. నేల నుంచి 70 సెంటీమీటర్ల దగ్గరుంటే 20 కిలోల పెట్టె ఎత్తడం పెద్ద పనేమీ కాదు. 80కి వచ్చేసరికి పెద్దవాళ్లకు నడుము పట్టేస్తుంది.

ఇక వెనక సీటు. ఈ ట్రిప్‌లో కొనేవాడు కనీసం రెండు గంటలు అక్కడే కూర్చోవాలి. సీటు నేలకు మరీ దగ్గరైతే మోకాళ్లు పైకి లేచి తొడలకు ఆనిక ఉండదు. పావుగంటలో అది తెలియదు, రెండో గంటలో తెలుస్తుంది. కిటికీ గడప వెనక్కి వెళ్లేకొద్దీ పైకి లేచే డిజైన్లు చూడ్డానికి బాగుంటాయి గానీ, చిన్న పిల్లలకు బయట ఏమీ కనబడదు. వంపుల్లో దూరంగా దేన్నీ చూడలేక కడుపులో తిప్పుతుంది. ఘాట్ రోడ్డు మీద వాంతులయ్యే పిల్లలున్న ఇంటికి ఇది మైలేజీ కన్నా ముఖ్యం.

పిల్లల సీట్లు ఎవరివి వాళ్లు వెంట తెచ్చుకుని బిగించాలి. పిల్లల సీటును నేరుగా బండికి తగిలించే ఐసోఫిక్స్ కొక్కేలు మామూలుగా రెండు పక్క సీట్లకే ఉంటాయి, మధ్యలో ఉండవు. వెనక్కి తిరిగి కూర్చునే శిశువు సీటు పెడితే ముందు సీటు ఎంత ముందుకు జరపాల్సొస్తుందో చూడండి. పొడుగువాళ్ల మోకాళ్లు డాష్‌బోర్డుకు తగిలితే ఆ బండి మీకు సరిపడదు. మూడు సీట్లు పక్కపక్కన పెట్టాలనుకునేవాళ్లకు ఒక లెక్క: ఒక్కో సీటు 44 సెంటీమీటర్లయితే 132 కావాలి, అదీ డోర్ల చేతి ఆనికల మధ్య. పట్టినా, మధ్య బెల్టు బకిల్ సీటు అంచు కింద కూరుకుపోయి వేలు దూరకపోవడం మామూలు. ఇంకో పరిమితి కూడా చాలామందికి తెలియదు: కొక్కేలకు తగిలించాక పిల్ల, సీటు కలిపి 33 కిలోలు దాటకూడదు. అమెరికాలో 65 పౌండ్లు, అంటే 29.5 కిలోలు. అది దాటితే సీటును బెల్టుతో బిగించాలి.

హైవే మీద పెద్దగా చెప్పుకోవాల్సింది లేదు. ఈ తరగతిలో అన్నీ బాగానే పోతాయి. టైర్ల మోత వెనక సీట్లో ఎక్కువగా వినిపిస్తుంది కాబట్టి అక్కడినుంచే వినండి. ముందువాళ్లతో గొంతు పెంచకుండా మాట్లాడగలిగితే చాలు. రూఫ్ బాక్స్ పెడితే మైలేజీ తగ్గుతుంది. గాలి నిరోధం వేగానికి వర్గంలో పెరుగుతుంది మరి, 120లో నడిపితే 100 కన్నా దాదాపు 44 శాతం ఎక్కువ.

ఘాట్ రోడ్డు దగ్గర అసలు తేడాలు బయటపడతాయి. టర్బో (ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే పరికరం) లేని పెట్రోలు ఇంజిన్ ప్రతి 1,000 మీటర్ల ఎత్తుకు సుమారు పదో వంతు శక్తి కోల్పోతుంది. కింద 180 హార్స్‌పవర్ ఇచ్చేది 2,000 మీటర్ల దగ్గర 145 ఇస్తే గొప్ప. పైగా 460 కిలోల బరువు. దీనికి సీవీటీ, అంటే విడివిడి గేర్లు లేని ఆటోమేటిక్ గేర్‌బాక్స్ తోడైతే ఇంజిన్ 4,500 ఆర్‌పీఎమ్ దగ్గరే నిలబడి అరుస్తుంటుంది గానీ పికప్ ఉండదు. టర్బో ఇంజిన్‌కు ఈ బాధ చాలా తక్కువ. మైదానంలోనే తిరిగేవాళ్లు టర్బోకి అదనంగా ఖర్చు పెట్టనక్కర్లేదు. ఏటా రెండుసార్లయినా కొండలెక్కేవాళ్లు పెట్టాలి.

దిగేటప్పుడు బ్రేకుల సంగతి. ఆటోమేటిక్ లివర్‌ను ‘డి’ (డ్రైవ్) స్థానంలోనే వదిలేసి పాదం బ్రేకు మీదే ఉంచితే డిస్కులు కాగి, వేడి బ్రేక్ ఆయిల్‌కు చేరుతుంది. కొత్త డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ 230 డిగ్రీలదాకా మరగదు, తేమ పీల్చుకున్న పాతదానికి కనీస ప్రమాణం 155 డిగ్రీలే. ఆయిల్ మరిగితే బుడగలొచ్చి పెడల్ నేలకు దిగిపోతుంది. అందుకే సీవీటీ అయినా మాన్యువల్ మోడ్‌లో పెట్టి కింది గేర్లలో దిగాలి. స్టీరింగ్ వెనక గేరు మార్చే పాడిల్స్ లేకపోతే కనీసం లివర్‌కు ‘ఎల్’ (లో గేరు) స్థానమైనా ఉందా? కింది గేరులో బండి తనంతట తాను వేగం నిలబెట్టుకుంటుందా, జారిపోతుందా? కొనే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్నలివి. నాలుగు చక్రాల డ్రైవ్ తడి మట్టిలో బయల్దేరడానికి పనికొస్తుంది గానీ, ఆగడానికి అణువంత కూడా సాయం చేయదు. దాని మీద భరోసాతో వర్షంలో వేగం పెంచేవాళ్లను ఘాట్లలో చూస్తూనే ఉంటాం.

చీకటి పడ్డాక ఒక పరీక్ష. డిక్కీ నిండితే వెనక కుంగి హెడ్‌లైట్లు పైకి లేస్తాయి. ఎదుటివాళ్లు డిమ్ చేయమని లైటు కొడుతుంటే లైట్లను తనంతట తానే కిందికి సర్దే ఆటో లెవలింగ్ లేదన్నమాట. డాష్‌బోర్డు ఎడమ అంచునో కుడి అంచునో చిన్న చక్రం ఉంటే దాన్ని తిప్పి కిందికి దించాలి.

బస దగ్గరికొస్తే, గది కన్నా ముందు పార్కింగ్ చూసుకోవాలి. సెల్లార్లలో, మల్టీలెవెల్ పార్కింగుల్లో ఎత్తు పరిమితి తరచూ 2 మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. 1.68 మీటర్ల బండికి కడ్డీలు 10 సెంటీమీటర్లు, బాక్స్ 40 కలిస్తే 2.18. 2.1 బోర్డు ఉన్నచోట లోపలికి పోదు. రాత్రి పదింటికి గేటు దగ్గర బాక్స్ విప్పుతూ కూర్చునే కన్నా, గది బుక్ చేసేటప్పుడే ఫోన్ చేసి పార్కింగ్ ఎత్తు, ర్యాంప్ వాలు అడగండి. "పెద్ద కార్లు కూడా పడతాయండీ" అనేది జవాబు కాదు, అంకె చెప్పించుకోవాలి. వెడల్పు మాటకొస్తే, 1.88 మీటర్ల బండి 2.4 మీటర్ల గడిలో ఆగితే పక్కకు 26 సెంటీమీటర్లే మిగులుతుంది. అంత సందులో డోరు తెరిచి నిద్రపోతున్న పిల్లను సీట్లోంచి తీయడం కుదరని పని. ఈ ఒక్క విషయంలో పక్కకు జరిపి తెరిచే డోర్లున్న మినీవ్యాన్‌ను ఏ క్రాసోవరూ గెలవలేదు. అందరినీ దించాకే గడిలోకి పెట్టాలి, పొద్దున బయటికి తీశాకే ఎక్కించాలి.

ప్లగ్ పెట్టే హైబ్రిడ్ అయితే బస చోట చార్జర్ ఉందా అని మాత్రమే అడిగితే చాలదు. రాత్రంతా ఆ గడి మీకే ఉంటుందా, ఎన్ని కిలోవాట్లు ఇస్తుంది అనేవి కూడా అడగాలి. 18 కిలోవాట్ అవర్ బ్యాటరీ 3.3 కిలోవాట్ల మీద నిండటానికి ఆరు గంటలు పడుతుంది.

మర్నాడు తిరుగు ప్రయాణానికి ముందు డిక్కీ నేల లేపి స్టెప్నీ ఉందో లేదో చూడండి. చాలా హైబ్రిడ్లలో దాని చోటు బ్యాటరీ తినేసి, గాలి పంపు, సీలెంట్ సీసా మాత్రమే ఇస్తారు. మేకు దిగితే సీలెంట్ పనికొస్తుంది, సైడ్‌వాల్ చిరిగితే పనికిరాదు. సన్నటి టెంపరరీ స్టెప్నీ ఉంటే దానికి సాధారణంగా 60 పీఎస్ఐ గాలి ఉండాలి, వేగం 80 దాటకూడదు. చాలాచోట్ల అది సరిపడా గాలి లేకుండానే పడి ఉంటుంది. పైగా స్టెప్నీ డిక్కీ నేల కింద ఉంటే, పంక్చర్ పడ్డ చోట సామానంతా రోడ్డు పక్కకు దించాలి. నాలుగు చక్రాల డ్రైవ్‌లో ఇంకో ఖర్చు దాగి ఉంది: నాలుగు టైర్ల అరుగుదల దగ్గర దగ్గరగా ఉండాలి. సుబారు చుట్టుకొలతల తేడా పావు అంగుళం దాటకూడదంటుంది. సగం అరిగిన టైర్ల మధ్య ఒక్క కొత్తది వేస్తే ముందు, వెనక ఇరుసులకు శక్తి పంచే క్లచ్ ఎప్పుడూ జారుతూ వేడెక్కుతుంది. ఒక టైరు చిరిగితే నాలుగూ మార్చాల్సి రావచ్చు. సీవీటీ ఆయిల్ విషయంలోనూ ‘జీవితకాలం మార్చక్కర్లేదు’ అనే మాటను అలాగే వదిలేయకండి. ఘాట్లు, ఎక్కువ బరువు ఉన్న వాడకానికి మాన్యువల్లో వేరే షెడ్యూలు ఉందేమో చూసి, ఆ లెక్కన సర్వీసు ఖర్చు అడగాలి.

మైలేజీని తెర మీద చూసి రాసుకోవద్దు. బయల్దేరేటప్పుడు బంకులో నాజిల్ మొదటిసారి ‘టిక్’ మనే దాకా పట్టించి, తిరిగొచ్చాక అదే బంకులో అదే పంపు దగ్గర మళ్లీ టిక్ దాకా పట్టించండి. తిరిగిన కిలోమీటర్లను రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే వచ్చేది మీ ఇంటి మైలేజీ. రెండో మోడల్ మీద కూడా కన్నుంటే మరో వారాంతం దాన్ని తీసుకుని ఇదే దారిలో, ఇవే సూట్‌కేసులతో, ఎవరి చోట్లో వాళ్లనే కూర్చోబెట్టి వెళ్లండి. దారి మారినా, పెద్దవాళ్లు ముందు సీట్లోకి మారినా పోలిక చెడుతుంది.