లిథియమా, వాల్‌ప్రోయేటా? ఉద్దానం వాళ్లకి ఏది మేలు?

ఒడిశా బరంపురంలో మాది మందుల షాపు. ఇక్కడి పెద్ద సర్కారు ఆస్పత్రి ఎంకేసీజీలో చూపించుకుని చీటీ పట్టుకొచ్చే తెలుగోళ్లలో సగంమంది ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట వైపు నుంచే వస్తారు. బైపోలార్‌కి, అంటే కొన్నాళ్లు పట్టరాని హుషారు (మేనియా), కొన్నాళ్లు దిగులు పట్టే జబ్బుకి రాసిన చీటీ అయితే మూడ్ నిలకడగా ఉంచడానికి అందులో మామూలుగా లిథియం గానీ వాల్‌ప్రోయేట్ గానీ ఉంటుంది, ఒక్కోసారి రెండూ ఉంటాయి. లిథియం ఉన్న చీటీ ఇచ్చాక వాళ్లు అడిగేది కూడా దాదాపు ఒకటే, "బాబూ, ఇది కిడ్నీలు పాడు చేస్తాదట కదా, అసలే మాది ఉద్దానం, ఆ రెండోదే రాయించుకుంటే పోదా?" అని. నేను డాక్టర్ని కాను, బీఫార్మసీ చదివి కౌంటర్ వెనక కూర్చున్నవాణ్ణి, మందు మార్చమనో మానేయమనో నేను చెప్పను, మీరూ మీ అంతట మీరు మార్చుకోకండి. కానీ ఉద్దానం అన్న ఒక్క మాట మీద లిథియాన్ని పక్కన పెట్టేయడం తప్పని, కిడ్నీకి ఏం కాదు కదా అని వయసులో ఉన్న ఆడపిల్లకి వాల్‌ప్రోయేట్ మొదలెట్టేయడం అంతకన్నా పెద్ద తప్పని నా గట్టి అభిప్రాయం.

భయం ఊరికే పుట్టలేదు లెండి. పలాస నుంచి ఇచ్ఛాపురం దాకా ఉద్దానం అంటారు, ఆ మండలాల్లో షుగరూ బీపీ లేనివాళ్లకి కూడా కిడ్నీలు పోతున్నాయి, ఎందుకో ఇప్పటికీ తేలలేదు, 2023 డిసెంబర్లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి తెరిచారంటేనే పరిస్థితి ఏటో అర్థమవుతుంది. డయాలసిస్ చూడని వీధి లేని ఊళ్ల నుంచి వచ్చినోడికి "కిడ్నీ" అన్న మాట వినగానే గుండె జారడం సహజం. అయితే ఇక్కడ రెండు సంగతులు కలిపేసుకుంటున్నారు. ఒకటి, లిథియం అనేది ఒక ఉప్పు, లివర్ దాన్ని ముట్టుకోదు, ఒంట్లోంచి బయటికి పోవాలంటే దాదాపు మొత్తం కిడ్నీ దారినే పోవాలి, కాబట్టి కిడ్నీ మందగించినోడికి అది రక్తంలో పేరుకుపోయి విషమైపోతుంది. రెండోది, ఏళ్ల తరబడి, పదేళ్లూ ఇరవయ్యేళ్లూ వాడినవాళ్లలో కొందరికి కిడ్నీ పని మెల్లగా తగ్గుతుంది. ఇది చడీచప్పుడు లేకుండా ఒక్కసారిగా వచ్చిపడేది కాదు, టెస్టుల్లో ముందే కనిపిస్తుంది, కనిపిస్తే డాక్టరు డోసు తగ్గిస్తారు లేదా మందు మారుస్తారు.

అందుకే ఉద్దానం మనిషికి మొదటి ప్రశ్న ఏ మందు అని కాదు, క్రియాటినిన్ (కిడ్నీ పని చూసే రక్త పరీక్ష) ఎంత అని. అది కూడా ఉత్త క్రియాటినిన్ చూసి నార్మల్ అని సంబరపడకండి, బక్కపలచటి మనుషుల్లో కండ తక్కువ కాబట్టి కిడ్నీ కొంత తగ్గినా ఆ నంబరు బాగానే కనిపిస్తుంది, వయసు, ఆడా మగా లెక్కేసి, కిడ్నీ ఎంత వడకడుతుందో చెప్పే ఈజీఎఫ్ఆర్ అని ఇంకో నంబరు వస్తుంది, రిపోర్టులో లేకపోతే డాక్టర్నే లెక్కేసి చెప్పమనండి. అది 60 కంటే కిందుంటే ఆచితూచి ఇస్తారు, 30 కిందకి దిగితే మామూలుగా లిథియం జోలికే పోరు. నంబరు బాగుంటే మీది ఏ ఊరైతే ఏటి?

ఇక మొదలెట్టాక. లిథియానికి మందు పని చేసే మోతాదుకీ విషం అయ్యే మోతాదుకీ మధ్య దూరం చాలా తక్కువ. ఎప్పటికీ వాడుకునేవాళ్లకి రక్తంలో 0.6 నుంచి 0.8 దాకా ఉండాలని చూస్తారు, మేనియా ముదిరినప్పుడు 1.0 దాకా, ఒక్కోసారి కొంచెం పైకీ పోనిస్తారు, 1.5 దాటిందంటే విషం కిందే లెక్క. మొదలెట్టినా డోసు మార్చినా ఓ వారానికి ఒకసారి లెవెల్ చూస్తారు, కుదురుకున్నాక మూడు నెలలకీ ఆరు నెలలకీ, దాంతోపాటు క్రియాటినిన్, థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, కాల్షియం. ఈ లెవెల్ టెస్టు దగ్గరే మనోళ్లు ఎక్కువ పాడు చేస్తారు. రాత్రి 9కి బిళ్ల వేసుకుంటే పొద్దున్న 9కి రక్తం ఇవ్వాలి, 12 గంటల లెక్క, పొద్దుటి డోసు ఉంటే రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. కొందరు ఇంటి దగ్గరే బిళ్ల మింగి, బస్సెక్కి ల్యాబుకొస్తారు, రిపోర్టు 1.3 వస్తుంది, ఇంటిల్లిపాదీ బెంబేలు. ఇంకోటి, రక్తం తీసే ట్యూబుల్లో పచ్చమూత ట్యూబు ఉంటుంది చూడండి, అందులో చాలావాటికి రక్తం గడ్డకట్టకుండా లిథియం హెపారిన్ పూస్తారు, అందులో పోసిన రక్తంలో లిథియం కొలిస్తే లేని లిథియం కూడా కనిపిస్తుంది. శాంపిల్ తీసుకుని వేరే ఊరు పంపే చిన్న కలెక్షన్ సెంటర్లలో "ఇది లిథియం లెవెల్‌కి బాబూ, పచ్చమూత వద్దు" అని మీరే ఒక మాట అనండి, నామోషీ ఏం లేదు.

ఇవన్నీ ఒకెత్తు, నొప్పుల బిళ్లలు ఒకెత్తు. కవిటి వైపు నుంచి ఒక పెద్దాయన కొడుక్కి లిథోసన్ (లిథియం బిళ్లే) తీసుకెళ్లడానికి వస్తుంటాడు, కొడుకు కొబ్బరి దింపు పని. ఓసారి లిథోసన్ స్ట్రిప్పులు సంచిలో వేసుకుంటూ "మావోడికి నడుం పట్టేసింది, జెరోడాల్ ఓ పది ఇయ్యి బాబూ" అన్నాడు, చాక్లెట్లు అడిగినట్టు. ఎసెక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్, ఈ జాతి నొప్పి మందులన్నీ కిడ్నీలోంచి లిథియం బయటికి పోకుండా ఆపుతాయి, వారం తిరక్కుండా లెవెల్ ఎక్కేయొచ్చు. పైగా ఉద్దానంలో లిథియం వాడకపోయినా ఈ మందులు కిడ్నీకి మంచివి కావు. కాంబీఫ్లామ్‌ని చాలామంది జ్వరం బిళ్ల అనుకుంటారు, అందులో ఐబూప్రొఫెన్ ఉంది. పారాసెటమాల్ అయితే ఫర్వాలేదు, డోలో 650 ఇచ్చి పంపించాను, తగ్గకపోతే డాక్టరుకి లిథియం సంగతి చెప్పి చూపించుకోమన్నాను. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ఇంజెక్షన్ వేయించుకునే ముందు కూడా ఈ మాట చెప్పాలి, ఎందుకంటే ఆ ఇంజెక్షన్ ఎక్కువసార్లు డైక్లోఫెనాకే. బీపీ మందుల్లోనూ ఈ గొడవ ఉంది, టెల్మిసార్టన్, లోసార్టన్, ఎనలాప్రిల్, రామిప్రిల్, ఇంకా పేరు చివర హెచ్ అని ఉండే బీపీ బిళ్లల్లో కలిసే హైడ్రోక్లోరోథయజైడ్, ఇవన్నీ లిథియాన్ని పెంచుతాయి. వాల్‌ప్రోయేట్‌కి ఈ బెడద లేదు, నడుం నొప్పి, బీపీ రెండూ ఉన్నోళ్ల విషయంలో దానికిది నిజంగా పెద్ద ప్లస్.

ఎండ సంగతి కూడా అంతే. గోపాల్‌పూర్‌లో వేటకెళ్లే మన మత్స్యకారులు, జీడితోటల్లో పనిచేసేవాళ్లు, చెమటతో ఉప్పూ నీళ్లూ పోగొట్టుకుంటే కిడ్నీ ఉన్న లిథియాన్ని పట్టుకుని కూర్చుంటుంది. నీళ్లు తాగుతూ ఉండాలి, ఉప్పు ఎప్పుడూ తినేంత తినాలి, బీపీ అని ఉన్నట్టుండి చప్పిడి కూడు మొదలెట్టకూడదు. పొఖాళొలో (నీళ్లన్నంలో) ఉప్పు వేసుకుని తినే అలవాటున్నోళ్లు అలాగే తినండి. కార్తీకంలో నీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసం మాత్రం వద్దు, దేవుడు ఏమీ అనుకోడు. వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ రోజే డాక్టరుకి ఫోన్ చేసి బిళ్ల వేసుకోవాలా ఆపాలా కనుక్కోండి.

ఇప్పుడు వాల్‌ప్రోయేట్. ఇది అసలు మూర్ఛ మందు, మేనియాని తొందరగా దించుతుంది, కొన్ని రోజుల్లోనే తేడా తెలుస్తుంది, లిథియానికి వారం రెండు వారాలు పడుతుంది. విషం అంచున నడవక్కర్లేదు. కానీ ఇది లివర్ మీద పడుతుంది, ప్లేట్‌లెట్లు తగ్గించొచ్చు, అరుదుగా పాంక్రియాస్ వాస్తుంది, కాబట్టి ఎల్‌ఎఫ్‌టీ (లివర్ టెస్టు), సీబీసీ (రక్తకణాల లెక్క) చేయించాలి, అంటే ఇదీ టెస్టుల్లేని మందేం కాదు. ఒళ్లు పెరుగుతుంది, జుట్టు రాలుతుంది. రోజూ సాయంత్రం మందు కొట్టే మనిషికి, లివర్ ఇప్పటికే దెబ్బతిన్నోడికి ఇది పనికిరాదు. ఉద్దానం ఉద్దానం అని కిడ్నీ ఒక్కటే చూసుకుంటారు గానీ లివర్ సంగతి అడిగేవాడే లేడు.

అసలు మాట ఆడవాళ్లది. కడుపుతో ఉన్నప్పుడు వాల్‌ప్రోయేట్ వాడితే పుట్టే పిల్లల్లో 100కి దాదాపు 10 మందికి వెన్నుపూస, గుండె, పెదవి లాంటి పెద్ద లోపాలు, 100కి 30 నుంచి 40 మందికి మాటలు, నడక, చదువు వెనకబడటం ఉంటాయని తేలింది. ఫోలిక్ యాసిడ్ వేసుకున్నంత మాత్రాన ఇది పోదు. కడుపు వచ్చిందని తెలిసేసరికే వెన్ను తయారయ్యే రోజులు దాటిపోతాయి, అందుకే పిల్లలు పుట్టే వయసున్న ఆడవాళ్లకి వేరే దారి ఉన్నంతవరకు ఇవ్వొద్దని ప్రపంచమంతా చెప్తున్నారు. మన దగ్గర ఏమవుతుందంటే పెళ్లిచూపులప్పుడు బైపోలార్ అని చెప్పరు, బిళ్లల డబ్బా చీరల కింద దాస్తారు, అత్తారింట్లో అడిగితే బలానికి మాత్రలు అంటారు, మూడో నెలలో గైనిక్ డాక్టరు "ఏం మందులు వాడుతున్నావమ్మా" అని అడిగినప్పుడు కూడా అత్తగారు పక్కనే ఉంటుంది కాబట్టి ఆ అమ్మాయి ఏమీ లేవంటుంది. ఆ అమ్మాయిని నేను తప్పు పట్టను, అలా దాచేలా పెంచిన పెద్దోళ్లని పడతాను. లిథియం కూడా గర్భంలో పూర్తిగా నిర్దోషి కాదు, మొదటి నెలల్లో బిడ్డ గుండెకి కొంచెం రిస్కు ఉంది, డోసు పెరిగితే అది పెరుగుతుంది, అయినా వాల్‌ప్రోయేట్‌తో పోలిస్తే ఎంతో నయం. పిల్లల కోసం అనుకుంటున్నప్పుడే డాక్టరుకి చెప్పాలి, తెలిసిన రోజే భయపడి టపీమని ఆపేయడం ఇంకో ప్రమాదం. యూరప్‌లో 2024లో మగవాళ్లకీ ఒక జాగ్రత్త చెప్పారు, బిడ్డ పడటానికి ముందు మూడు నెలల్లో తండ్రి వాల్‌ప్రోయేట్ వాడితే పిల్లల ఎదుగుదల మీద కొంత ప్రభావం ఉండొచ్చని. ఖాయమని కాదు, అడిగి తెలుసుకోవాల్సిన సంగతి.

మరి పనితనంలో ఏది గట్టిది? లిథియం 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ చెప్పినప్పటి నుంచి ఉంది, ఇప్పటికీ జబ్బు తిరగబెట్టకుండా ఆపడంలో దాన్ని మించినది కష్టమే. 2010లో బ్యాలెన్స్ అని 330 మంది మీద చేసిన ట్రయల్లో ఒక్క వాల్‌ప్రోయేట్ వాడినోళ్లకంటే లిథియం వాడినోళ్లకి, రెండూ కలిపి వాడినోళ్లకి జబ్బు తక్కువ తిరగబెట్టింది. ఇంకా ఈ జబ్బులో ఆత్మహత్యల్ని తగ్గిస్తుందని లిథియానికున్నంత రుజువు వాల్‌ప్రోయేట్‌కి లేదు. కిడ్నీ గురించి ఇంత మాట్లాడుకునే మనం ఈ మాట మాత్రం మర్చిపోతాం.

అందుకని నా లెక్క ఇలా ఉంటుంది. ఈజీఎఫ్ఆర్ బాగుండి, మూడు నెలలకోసారి టెస్టుకి వచ్చే ఓపిక ఉండి, నొప్పుల బిళ్లలు మానగలిగిన మనిషి ఉద్దానం వాడైనా సరే లిథియమే మేలు. కిడ్నీ ఇప్పటికే తగ్గినా, సముద్రం మీదే బతుకుతూ టెస్టు అంటే ఆర్నెల్లు కనిపించకుండా పోయేవాడైనా, బీపీకి నాలుగు రకాలు మింగేవాడైనా, లివర్ బాగున్న మగమనిషి అయితే వాల్‌ప్రోయేట్ మేలు. పిల్లలు కనే వయసు ఆడమనిషికి వాల్‌ప్రోయేట్ ఆఖరి మాట. ఆమెకి కిడ్నీ కూడా బాలేకపోతే లామోట్రిజిన్, క్వెటియాపిన్ లాంటివి డాక్టరు చూస్తారు. లామోట్రిజిన్ దిగులు వైపు బాగా పనిచేస్తుంది, మేనియాని పెద్దగా ఆపదు, 25 మిల్లీగ్రాముల్నుంచి వారాల తరబడి మెల్లగా పెంచాలి, దద్దురు వస్తే వెంటనే డాక్టరు దగ్గరకి పరిగెత్తాలి. వాల్‌ప్రోయేట్‌తో కలిపితే లామోట్రిజిన్ లెవెల్ రెట్టింపవుతుంది కాబట్టి డోసు సగానికి పెడతారు. లామోట్రిజిన్ నాలుగైదు రోజులు ఆపేసి మళ్లీ పాత డోసు వేసుకోవద్దు, డాక్టర్ని అడిగి మళ్లీ మొదట్నుంచి మొదలెట్టాలి.

ఏది వాడినా బ్రాండు సంగతి చూసుకోండి. బరంపురంలో లిథియం 400 ఎస్‌ఆర్ (ఒంట్లో మెల్లగా విడుదలయ్యే రకం) కొని, అయిపోయాక ఇచ్ఛాపురంలో అది దొరక్కపోతే "అదే మందు" అని మామూలు 300 ఇస్తారు, రెండూ ఒకటి కాదు, లెవెల్ మారిపోతుంది. ఎస్‌ఆర్, క్రోనో అని రాసినవి నూరకూడదు, నమలకూడదు. డోసు మర్చిపోతే తర్వాత రెండు కలిపి వేసుకోవద్దు. బాగైపోయిందని లిథియం ఒక్కసారిగా ఆపితే మేనియా ముందుకన్నా గట్టిగా తిరగబెడుతుంది, ఆపాలంటే వారాలూ నెలలూ పట్టి దించాలి. బరంపురం దాకా రాలేని రోజున ఉచితంగా మాట్లాడటానికి 14416, టెలీ మానస్ అని సర్కారు వాళ్ల మానసిక ఆరోగ్య ఫోన్ లైను, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

లిథియం వాడే మనిషికి చేతులు సన్నగా వణకడం, దాహం, మూత్రం ఎక్కువ పోవడం మామూలే, తర్వాతిసారి చెప్తే చాలు. అదే గ్లాసు పట్టుకోలేనంతగా వణుకు, ఆగని వాంతులు విరేచనాలు, మాట ముద్దగా రావడం, తాగినోడిలా తూలడం, మగతగా పడి ఉండటం కనిపిస్తే తర్వాతి బిళ్ల వేయకండి, తెల్లారేదాకా చూడకండి, స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని దగ్గర్లో పెద్దాసుపత్రి ఏదైతే అది, ఇటు ఎంకేసీజీ అయినా అటు శ్రీకాకుళం రిమ్స్ అయినా, క్యాజువాలిటీకి తీసుకెళ్లండి. అక్కడ డ్యూటీ డాక్టరుకి మొట్టమొదట చెప్పాల్సింది "లిథియం వాడుతున్నాడు, ఆఖరి బిళ్ల ఫలానా టైముకి వేసుకున్నాడు" అని. ఈ మధ్య నొప్పికి ఏమైనా మింగితే అదీ దాచకుండా చెప్పండి.