‘వేయ్’ అంటే ఏనుగా, కోతా? ఏ రూపాన్ని నమ్మాలి?

చైనా భాషలో ‘వేయ్’ (为, పాత రూపం 為) అనే అక్షరం తగలని పేజీ ఉండదు. స్వరం పైకి లేపి పలికితే ‘చేయు, అగు’ అని, కిందికి దించి పలికితే ‘కోసం’ అని అర్థం. ‘ప్రజల కోసం పనిచేయండి’ అన్న మావో నినాదం మొదలయ్యేది దీనితోనే. ఇంతకీ ‘చేయు’ అనే అర్థం ఎలా పుట్టింది? ఇక్కడ హాన్ రాజవంశ కాలపు నిఘంటువు ఒకటి చెబుతుంది, అంతకంటే ఎంతో పాతదైన షాంగ్ రాజవంశ కాలంలో ఎముకల మీద చెక్కిన రాతలు ఇంకొకటి చెబుతాయి.

ఆ నిఘంటువు షు షెన్ కూర్చిన ‘షువోవెన్ జియెజి’. క్రీ.శ. 100 నాటికి తయారైంది. 9,353 అక్షరాలను 540 విభాగాల్లో సర్దిన గొప్ప పని అది. అందులో ‘వేయ్’ అంటే కోతి, గోళ్ళతో గీరే జంతువు అని రాసి ఉంది. షు షెన్ వివరించింది ముద్రాలిపి రూపాన్ని, అంటే ముద్రల మీద కనిపించే పాత లిపిలోని రూపాన్ని. అందులో పైన చెయ్యి తెలుస్తుంది కానీ కింది బొమ్మ మెలికలు తిరిగి ఏ జంతువో పోల్చుకోలేనట్టు తయారైంది.

ఎముకల రాత పండితుల కంట పడింది 1899లో. ఎద్దు భుజపు ఎముకల మీద, తాబేటి చిప్పల మీద జోస్యం కోసం చెక్కిన రాతలవి. వాటిలో ‘వేయ్’ చూడండి: నిలువుగా నిలబెట్టిన పెద్ద ఒళ్ళు, పొడవాటి తొండం, ఆ తొండం దగ్గర ఒక చెయ్యి. మావటి ఏనుగును నడిపిస్తున్నాడని ఎముకల రాతలను చదివిన చైనా పండితుడు లువో జెన్యు చదివారు. ఏనుగు చేత పని చేయించడం నుంచే ‘చేయు’ వచ్చిందని ఆయన వివరణ. ఇది గాలి మాట కాదు. షాంగ్ రాజధాని ఉన్న ఆన్యాంగ్ తవ్వకాల్లో ఏనుగు ఎముకలు దొరికాయి. ఆ ఊరున్న హెనాన్ రాష్ట్రానికి వాడే పొట్టి పేరు ‘యు’ అక్షరంలోనూ ఏనుగు గుర్తు ఉంది.

కాబట్టి మూలార్థం కావాలంటే నా ఓటు ఎముకలకే. అలాగని షు షెన్‌ను పక్కన పెట్టేయకూడదు. ఆయన భద్రపరిచిన ముద్రాలిపి రూపాలు చేతిలో ఉండబట్టే ఎముకల మీది అక్షరాలను పండితులు ఒక్కొక్కటిగా పోల్చి చదవగలిగారు.

ఇక రాసుకోవడానికైతే నేడు చైనాలో వాడే సరళ రూపమే సుఖం. వడిరాత (గొలుసుకట్టుగా వేగంగా రాసే రాత) నుంచి వచ్చింది, నాలుగు గీతలతో అయిపోతుంది. కానీ అందులో ఏనుగు జాడ లేదు. తైవాన్, హాంకాంగ్‌లలో రాసే పాత రూపంలో కింద నాలుగు చుక్కలుంటాయి. చూడ్డానికి అచ్చం నిప్పు గుర్తే, కానీ అవి ఏనుగు కాళ్ళూ తోకా అరిగిపోగా మిగిలినవి. అక్షర చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్ళు ఆ రూపాన్ని కూడా నేర్చుకోవాలి.