కిటికీలోంచి మారియో: సూపర్ మారియో బ్రదర్స్ డీలక్స్

1985లో టీవీకి తగిలించి ఆడే నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్ మీద వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ అనే వీడియో గేమ్‌ను నింటెండో సంస్థే 1999లో చేతిలో పట్టుకొని ఆడే గేమ్ బాయ్ కలర్‌కు తెచ్చి, పేరు చివర ‘డీలక్స్’ అని చేర్చింది. ఈ మధ్య కొన్ని వారాలపాటు రెండింటినీ దగ్గర పెట్టుకొని, ప్రతి లెవెల్‌నూ ముందు టీవీ మీద, వెంటనే చేతిలోని చిన్న తెర మీద ఆడి చూశాను. డీలక్స్‌లో కొత్తగా చేర్చినవి చాలా ఉన్నాయి. పోయింది మాత్రం ఒక్కటే, ఆటగాడి ముందుచూపు.

అసలు ఆటలో తెర వెడల్పు 256 పిక్సెళ్లు, ఎత్తు 240. గేమ్ బాయ్ కలర్ తెర వెడల్పు 160, ఎత్తు 144. పెద్ద తెర ఆటను చిన్న తెరకు తేవాలంటే బొమ్మలన్నిటినీ కుదించాలి, లేదా బొమ్మలను ఉన్న కొలతలోనే ఉంచి చుట్టూ ఉన్న దృశ్యాన్ని కత్తిరించాలి. డీలక్స్ రెండో దారి పట్టింది. మారియో ప్రపంచంలో ఒక్కో ఇటుక 16 పిక్సెళ్ల చదరం కాబట్టి, టీవీ మీద అడ్డంగా 16 ఇటుకలు, నిలువుగా 15 ఇటుకలు పట్టే చోటు ఇక్కడ 10 ఇటుకల వెడల్పుకు, 9 ఇటుకల ఎత్తుకు కుదించుకుపోయింది. విస్తీర్ణంలో లెక్కిస్తే మిగిలింది 37.5 శాతం. కొండను అద్దంలో చూస్తే చిన్నదైనా కొండ మొత్తం కనిపిస్తుంది. ఇక్కడ కొండ కొలత తగ్గలేదు గాని, దాన్ని ఒక చిన్న కిటికీలోంచి చూడవలసి వచ్చింది.

ఈ తేడా నడిచేటప్పుడు పెద్దగా తెలియదు, పరుగెత్తేటప్పుడు తెలుస్తుంది. అసలు ఆటలో బి బటన్ నొక్కి పట్టి పూర్తి వేగం అందుకున్న మారియో ఒక్కో ఫ్రేముకు (సెకనుకు సుమారు 60సార్లు మారే తెర బొమ్మకు) రెండున్నర పిక్సెళ్లు ముందుకు కదులుతాడు, అంటే సెకనుకు సుమారు 150 పిక్సెళ్లు. ఆ లెక్కన గేమ్ బాయ్ కలర్ తెర ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒక్క సెకను పరుగు కన్నా పెద్దగా ఎక్కువ లేదు, అందులోనూ మారియో ముందున్న భాగం ఇంకా తక్కువ. టీవీ మీద ఆడేటప్పుడు దూరంగా కనిపించిన గోతిని కళ్లతో కొలిచి, ఎక్కడ కాలు ఎత్తాలో మనసులో అనుకొని దూకుతాం. డీలక్స్‌లో గొయ్యి కనిపించేసరికే దూకి ఉండాలి.

నిలువు కోత ఇంతకన్నా ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. 4-1లో, అంటే నాలుగో ప్రపంచం మొదటి లెవెల్‌లో, మబ్బు మీద తేలుతూ ముళ్ల స్పైనీలను విసిరే లకీటును తీసుకోండి. టీవీ మీద అతడు మన నెత్తిమీదే తిరుగుతున్నట్టు కనిపిస్తాడు కనుక, అతడు చెయ్యి ఎత్తగానే పక్కకు తప్పుకుంటాం. చిన్న తెర మీద అతడు తరచుగా పై అంచు దాటి పోతాడు. మనకు తెలిసేదల్లా ఆకాశం నుంచి ముళ్లబంతులు రాలుతున్నాయన్నదే. రెండు అంతస్తుల ఇటుకల మీద నిలబడి సుత్తులు విసిరే హ్యామర్ సోదరుల విషయమూ ఇంతే. నేల మీద నిలబడి చూస్తే కిందివాడు కనిపిస్తాడు, పైవాడు కనిపించడు, సుత్తులు మాత్రం వస్తూనే ఉంటాయి. రూపకర్తలకు ఈ సంగతి తెలియక కాదు. పైకి గాని కిందికి గాని బటన్ నొక్కితే దృశ్యం అటువైపు కొంత జరిగే ఏర్పాటు చేశారు. అది నిదానంగా ఆడేవారికి పనికొస్తుంది, కాని తరుముకొస్తున్న శత్రువు ముందు ఆగి తల ఎత్తి చూసే తీరిక ఎవరికి ఉంటుంది?

లెవెల్ చివరి జెండా స్తంభం దగ్గర కూడా ఇదే తంటా. స్తంభం కొనను అందుకుంటే 5,000 పాయింట్లు వస్తాయి. అయితే నేల నుంచి కొన దాకా ఆ స్తంభం ఎత్తు తొమ్మిది ఇటుకల కన్నా ఎక్కువ కనుక, అడుగూ కొనా ఒకే చూపులో ఇమడవు. టీవీ మీద కొన మీద దృష్టి నిలిపి దూకేవాణ్ణి. ఇక్కడ చివరి మెట్టు అంచు నుంచి, కన్ను కన్నా వేలి అలవాటును నమ్ముకొని దూకాల్సి వచ్చింది.

ఇన్ని చెప్పాక కూడా డీలక్స్‌ను నాసిరకం నకలు అని తోసిపుచ్చలేను. అందుకు కారణం చాలెంజ్ విభాగం. ప్రతి లెవెల్‌లోనూ ఐదు ఎర్ర నాణేలు, ఎక్కడో దాచిన ఒక యోషీ గుడ్డు ఉంటాయి, దాటవలసిన స్కోరు ఒకటి ఉంటుంది. ఈ మూడూ సాధించాలంటే పరుగు మాని వెతకాలి. ఏళ్ల తరబడి దాటిపోయిన మూలల్లోకి ఎగిరి చూడాలి, ఏమీ లేదనుకున్న గాలిలో తల కొట్టి చూడాలి. అంతవరకు అవరోధంగా ఉన్న ఇరుకు తెర, వెతుకులాట మొదలవగానే ఆటకు తోడవుతుంది, ఎందుకంటే పక్కనే ఉన్నది కూడా కనిపించకపోవడమే దాగుడుమూతలకు ప్రాణం. పరుగు ఆటను వెతుకుడు ఆటగా మలచాలన్న ఆలోచన ఎవరిదో గాని, ఈ కార్ట్రిడ్జ్‌లో (ఆట నిండిన, పరికరంలో పెట్టే చిన్న పెట్టెలో) అంతకు మించిన తెలివైన పని నాకు కనిపించలేదు.

లక్ష పాయింట్లు దాటితే తెరుచుకునే, బూ అనే దయ్యంతో పరుగు పందెం కాసేపు సరదాగా ఉంటుంది. మూడు లక్షలు దాటితే 1986లో జపానులో డిస్క్ రూపంలో వచ్చిన రెండో ఆట లెవెళ్లు కూడా దొరుకుతాయి గాని, అందులోని 9వ ప్రపంచాన్ని, ఎ నుంచి డి వరకు ఉన్న అదనపు ప్రపంచాలను వదిలేశారు. అసలే అంగుళం తేడాతో ప్రాణం తీసే ఆ లెవెళ్లను ఈ కిటికీలోంచి ఆడటం, నా మటుకు నాకు, సహనానికి పరీక్షే. క్యాలెండర్, జాతకం చెప్పే పేజీ, ప్రింటర్‌తో ముద్రించుకునే బొమ్మలు వంటివి ఒకసారి చూసి వదిలేయవచ్చు.

సేవ్ సౌకర్యం మాత్రం అలా తీసిపారేసేది కాదు. అసలు ఆటలో ప్రాణాలన్నీ అయిపోతే మళ్లీ 1-1కే రావాలి. టైటిల్ తెర మీద ఎ బటన్ నొక్కి పట్టి స్టార్ట్ నొక్కితే ఓడిన ప్రపంచం నుంచే మొదలుపెట్టే కిటుకు ఉన్నా, కన్సోల్ ఆపితే అదీ పోతుంది. డీలక్స్‌లో మూడు ఫైళ్లు ఉన్నాయి. పది నిమిషాల తీరికలో ఒక లెవెల్ ఆడి పక్కన పెట్టగలిగే స్వేచ్ఛ చేతిలో పట్టే పరికరానికి తగినది.

సంగీతం చాలావరకు నిలబడింది. స్వరకర్త కోజీ కోండో బాణీలో కింది స్వరం చిన్న స్పీకరులో పలచబడుతుంది, ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటే కొంత తిరిగి వస్తుంది. కదిలే నీళ్లు, లావా కంటికి బాగున్నాయి. వెనుక వెలుగు లేని తెర కావడంతో కిటికీ పక్కన కూర్చొనో, దీపం వైపు వంచి పట్టుకొనో ఆడాలి. సొరంగం లెవెల్ 1-2లో ఇది మరీ తెలుస్తుంది.

మారియోను మొదటిసారి ఆడబోయేవారు టీవీ మీది ఆటతోనే మొదలుపెట్టాలి. ఏ గొయ్యి ఎక్కడుందో కంఠతా వచ్చినవారికి డీలక్స్‌లో చాలెంజ్ విభాగం ఒక్కటే కార్ట్రిడ్జ్ వెల చేస్తుంది. ఈ ఆటను అమ్మిన, నింటెండో తర్వాతి చేతి పరికరం 3డీఎస్ ఆన్‌లైన్ దుకాణంలో 2023 మార్చి నుంచి కొనుగోళ్లు నిలిచిపోయాయి కనుక, ఇప్పుడు చాలామందికి పాత కార్ట్రిడ్జే దిక్కు. అది మొదటితరం బూడిదరంగు గేమ్ బాయ్‌లో ఆడదు. సేవ్ ఫైళ్లు లోపలి చిన్న బ్యాటరీ మీద ఆధారపడతాయి, ఆ బ్యాటరీ వయసు పాతికేళ్లు దాటి ఉండవచ్చు. కొనేముందు ఒక లెవెల్ ఆడి, సేవ్ చేసి, పరికరం ఆపి, కార్ట్రిడ్జ్ బయటకు తీసి కొంతసేపు ఉంచి, మళ్లీ పెట్టి ఆ ఫైలు ఉందో లేదో చూసుకోండి.