ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో పోస్టల్ కోడ్లు: ఏళ్ల తరబడి వాడి చూశాక

ఎవరైనా దిద్దగల ఉచిత పటం ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఇంటికి పోస్టల్ కోడ్ చేర్చి సేవ్ నొక్కగానే కొత్తవాళ్లంతా చేసే పని పటం పేజీని రీఫ్రెష్ చేయడం. ఏమీ కనబడదు. కాసేపాగి మళ్లీ చేస్తారు, అప్పుడూ కనబడదు. తప్పేమీ జరగలేదు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ సైటులోని మామూలు పటం ఇంటి నంబర్లను చూపిస్తుంది గానీ కోడ్లను చూపించదు. కోడ్ ఎక్కిందో లేదో తెలియాలంటే పక్కనున్న ప్రశ్నార్థకం బాణాన్ని నొక్కి, ఆ ఇంటిని ఎంచుకుని, ట్యాగులు, అంటే దానికి రాసిన వివరాలు, చదవాలి. వెతుకులాటలో రావడానికి ఇంకొంత ఆలస్యమవుతుంది. నామినాటిమ్ అనే వెతికే సాఫ్ట్‌వేర్ ఒక కోడ్ ఉన్న చిరునామాలన్నిటినీ పోగేసి, వాటి నడిమి బిందువును ఆ కోడ్ చోటుగా లెక్కగడుతుంది. ఈ లెక్క మార్పు పడ్డ ప్రతిసారీ అక్కడికక్కడే జరిగేది కాదు.

ఇది ముందే తెలిస్తే సగం చిరాకు తగ్గుతుంది. మిగతా సగానికి కారణం పటం కాదు, పోస్టల్ కోడ్ స్వభావమే. కోడ్ అనగానే ఒక ప్రాంతం, దాని చుట్టూ ఒక గీత మన కళ్ల ముందుకొస్తాయి. తపాలా వాళ్లకు అది ఉత్తరాల కట్టకు అంటించిన చీటీ, అంతే. 1963లో వచ్చిన అమెరికా జిప్ కోడ్ నిజానికి బట్వాడా దారుల మూట. అందుకే అక్కడి జనగణన సంస్థ తన లెక్కల కోసం దాన్ని పోలిన ప్రాంతాలను విడిగా తయారుచేసుకుంటుంది. ఫ్రాన్స్‌లో సెడెక్స్ కోడ్లు ఎక్కువ ఉత్తరాలొచ్చే సంస్థలకిచ్చేవి, వాటికి నేల మీద విస్తీర్ణమే ఉండదు. ఐర్లండ్‌లో 2015లో వచ్చిన ఎయిర్‌కోడ్ చిరునామాకొకటి. బ్రిటన్‌లో ఒక కోడ్ కింద సగటున 15 చిరునామాలుంటాయి. ఇన్ని రకాలనూ ఒకే ట్యాగుతో సర్దబోతే ఎక్కడో ఒకచోట చిరుగుతుంది.

కోడ్ రాయడానికి పటంలో మూడు చోట్లున్నాయి. మొదటిది ఏడీడీఆర్:పోస్ట్‌కోడ్. ఇంటి బొమ్మకో, తలుపు దగ్గర పెట్టిన నోడ్ అనే చుక్కకో, దుకాణానికో ఇంటి నంబరు, వీధి పేరు పక్కన రాసేది. రెండోది పోస్టల్_కోడ్. ఇది రోడ్డుకో, పరిపాలనా సరిహద్దుకో పెట్టేది. మూడోది బౌండరీ=పోస్టల్_కోడ్ అని రిలేషన్ (గీతలను కలిపి కట్టే గుంపు) కట్టి ఏకంగా ప్రాంతాన్నే గీయడం. చాలాకాలం మూడూ వాడాక తేలింది ఇది: మొదటిదాన్ని కళ్లు మూసుకుని వాడొచ్చు, రెండోదాన్ని చూసి వాడాలి, మూడోదాని జోలికి అధికారిక సరిహద్దు చేతిలో ఉంటే తప్ప పోకూడదు. జర్మనీలో 1993 నాటి ఐదంకెల కోడ్లకు దేశమంతటా ఇలాంటి రిలేషన్లున్నాయి, అక్కడ అవి బాగానే పనిచేస్తున్నాయి. అధికారిక గీత లేని చోట మాత్రం మనం గీసేది ఊహే.

ఆ ఊహ ఖరీదు తక్కువేం కాదు. ఇంటికి విడిగా కోడ్ లేకపోతే నామినాటిమ్ చుట్టూ ఉన్న సరిహద్దులోని కోడ్‌ను దానికి అంటగడుతుంది. అంటే ఒక్క తప్పు గీత వందల ఇళ్లకు ఒక్కసారే తప్పు చిరునామా ఇస్తుంది. పైగా చాలామంది సరిహద్దు రిలేషన్లో రోడ్డు ముక్కలనే సభ్యులుగా వాడేస్తారు. రేపు ఇంకెవరో ఆ రోడ్డును విడదీసో, తొలగించి కొత్తగా గీసో పోతే సరిహద్దు తెగుతుంది. తెగిన వలయం అసలు ప్రాంతంగానే లెక్కకు రాదు. గీయక తప్పకపోతే రోడ్డుతో ముడిపెట్టకుండా విడి గీతలే వాడండి.

రోడ్డుకు పెట్టే పోస్టల్_కోడ్‌దీ ఇలాంటి పేచీయే. వీధి మొత్తానికి ఒకే కోడ్ అయితే హాయిగా ఉంటుంది. వీధికి ఎడమ పక్కన ఒకటి, కుడి పక్కన ఒకటి ఉంటే ఏం రాస్తారు? అమెరికాలో ప్రభుత్వ రోడ్ల డేటాను తెచ్చి పోసినప్పుడు ఎడమ జిప్, కుడి జిప్ అని వేరే ట్యాగులు వచ్చి పడ్డాయి, వాటిలో చాలా భాగం ఇప్పటికీ అలాగే పడి ఉన్నాయి. కొందరు సెమీకోలన్ పెట్టి రెండూ రాస్తారు. రోడ్డు మీద అయితే పోనీలే అనుకోవచ్చు, ఇంటి మీద అది పనికిరాదు. అలాంటి వీధిలో రోడ్డును వదిలేసి తలుపు తలుపుకూ రాయడమే దారి.

ఇక పనిముట్లు. ఒకటి రెండు ఇళ్లకు బ్రౌజర్‌లోని ఐడీ ఎడిటర్ చాలు. అందులో ఒక ఉచ్చు ఉంది. చిరునామా గడిలో చుట్టుపక్కల ఇళ్లకున్న కోడ్లను సూచనలుగా చూపిస్తుంది. కోడ్ల అంచున ఉన్న వీధిలో చేతికందిన మొదటి సూచనను నొక్కేస్తే పక్కవాడి తప్పు మీ తప్పవుతుంది. తప్పు కోడ్లు గుంపులుగా పెరిగేది ఎక్కువగా ఇలాగే.

వీధులకు వీధులు చేయాలంటే కంప్యూటర్‌లో పెట్టుకునే జోసమ్ ఎడిటర్‌కు సాటి లేదు. ప్రాంతాన్ని దింపుకుని, కంట్రోల్ ఎఫ్ నొక్కి, ఇంటి నంబరు ట్యాగు పేరును కొటేషన్ గుర్తుల మధ్య రాసి, ఖాళీ వదిలి, మైనస్ గుర్తు పెట్టి పోస్ట్‌కోడ్ ట్యాగు పేరును కూడా కొటేషన్ గుర్తుల మధ్య రాస్తే, నంబరుండి కోడ్ లేని ఇళ్లన్నీ ఎంపికవుతాయి. కోడ్ ఒకటే అని ఖాయమైన వీధిని మాత్రమే ఉంచుకుని మిగతావి వదిలేయండి. ఆల్ట్ ఏ నొక్కి ట్యాగు ఒక్కసారి రాస్తే చాలు, అన్నిటికీ పడుతుంది. అప్‌లోడ్‌కు ముందు ఎన్ని వస్తువులు మారాయో అంకె చూసుకోవాలి. నలభై ఇళ్ల వీధికి నాలుగు వందలు చూపిస్తే ఎంపికలో ఏదో జారింది. ఒక చేంజ్‌సెట్‌లో, అంటే కలిపి పంపే మార్పుల కట్టలో, 10,000 మార్పుల దాకా సర్వర్ ఒప్పుకుంటుంది, అయినా అంత దూరం వెళ్లకండి. ఒక వీధికో పేటకో ఒక చేంజ్‌సెట్ పెట్టి, కోడ్ ఎలా తెలిసిందో వ్యాఖ్యలో రాస్తే తర్వాత వెనక్కి తీయడం తేలిక.

ఎలా తెలిసింది అన్నదే అసలు ప్రశ్న. పటం డేటా 2012 నుంచి ఓడీబీఎల్ అనే బహిరంగ డేటా లైసెన్సు కింద ఉంది, దానికి సరిపడని చోటి నుంచి తెచ్చింది ఏదైనా తీసేస్తారు. గూగుల్ మ్యాప్స్‌లో చూసి రాయడం కుదరదు. తపాలా సంస్థ సైటులో వెతికితే దొరుకుతుంది కదా అని అక్కడి నుంచి ఎత్తి రాయడం కూడా చాలా దేశాల్లో కుదరదు. కెనడా తపాలా సంస్థ కోడ్ల జాబితా తనదంటూ 2012లో ఒక చిన్న సంస్థ మీద దావా వేసింది, 2016లో రాజీ అయ్యేదాకా అది నడిచింది. బ్రిటన్‌లో చిరునామాల పూర్తి జాబితా డబ్బు పెట్టి కొనాల్సిందే. అక్కడి ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే 2010లో విడుదల చేసిన కోడ్ల జాబితా కోడ్‌పాయింట్ ఓపెన్‌ను మాత్రం వాడుకోవచ్చు. అయితే అందులో ఒక్కో కోడ్‌కు ఉండేది ఒక్క బిందువే, ఆ కోడ్ చిరునామాల సగటుకు దగ్గర్లోని చిరునామా మీద పెట్టినది. దగ్గరి బిందువు కోడ్‌నే ఇంటికి రాసేద్దామనుకుంటే వీధి మూలల్లో తప్పుతుంది, ఎందుకంటే మూల ఇంటికి పక్క వీధి బిందువే దగ్గర కావచ్చు.

నిక్కచ్చిగా వాడుకోదగ్గది కంటితో చూసిందే. దుకాణం బోర్డు మీద రాసిన చిరునామా, మీకు తెలిసిన ఇంటి కోడ్. నెమ్మదైన పనే, కానీ ఎవరూ వేలెత్తి చూపలేరు. ప్రభుత్వ డేటాను మూకుమ్మడిగా పోయాలంటే ముందు స్థానిక మ్యాపర్లతో చర్చించి, లైసెన్సు రాతపూర్వకంగా చూపి, దానికోసం విడి ఖాతా తెరవాలి. ఈ మెట్లు ఎక్కకుండా చేసిన దిగుమతులను ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ వివాదాలు చూసే డేటా వర్కింగ్ గ్రూప్ మొత్తంగా వెనక్కి తీసేయగలదు, ఎంత కష్టపడ్డారన్నది లెక్కలోకి రాదు.

అంకెల తప్పులు ఎక్కువగా స్ప్రెడ్‌షీట్ దగ్గర పుడతాయి. సున్నాతో మొదలయ్యే కోడ్‌ను అది సంఖ్య అనుకుని సున్నా మింగేస్తుంది. డ్రెస్డెన్ నగరపు 01067 కాస్తా 1067 అవుతుంది. కాలమ్‌ను టెక్స్ట్‌గా మార్చాకే అతికించాలి. పీడీఎఫ్ నుంచి తెచ్చిన కోడ్లలో కంటికి కనబడని ప్రత్యేక ఖాళీ దూరుతుంది, చూడ్డానికి సరిగ్గానే ఉంటుంది, వెతికితే దొరకదు. బ్రిటన్ కోడ్లలో ఖాళీ తర్వాతి మొదటి అక్షరం ఎప్పుడూ అంకే, అక్కడ ఇంగ్లిష్ O అక్షరం కనబడితే అది సున్నాకు పడ్డ తప్పు. వీటిని పట్టడానికి పటం డేటాను ప్రశ్నించి వెతికే సైటు ఓవర్‌పాస్ టర్బో మంచిది: కోడ్ ఉండి, ఆ దేశపు అంకెల నమూనాకు సరిపోని వాటిని మాత్రమే అడగండి. పటంలో తప్పులను పట్టి చూపే ఓస్మోస్‌లో కూడా ఈ తనిఖీ ఉంది.

నమూనాకు సరిపోయిన తప్పు మాత్రం ఇలా దొరకదు. రెండంకెలు తారుమారైతే అది ఇంకెక్కడిదో నిజమైన కోడ్ అవుతుంది. దానికి ఒక మోటు ఉపాయం ఉంది. ఒకే కోడ్ ఉన్న వస్తువులన్నిటినీ ఓవర్‌పాస్‌లో రప్పించి పటాన్ని దూరం జరపండి. గుంపుకు వంద కిలోమీటర్ల అవతల ఒంటరిగా మెరిసే చుక్క దాదాపు ఎప్పుడూ తప్పే. తక్కువ చిరునామాలున్న కోడ్ అయితే ఆ ఒక్క చుక్క నామినాటిమ్ లెక్కగట్టే నడిమి బిందువునే పొలాల్లోకి లాగేస్తుంది.

దిద్దేటప్పుడు ఆ భవనంలోని దుకాణాల నోడ్లను కూడా తెరిచి చూడండి. చిరునామా భవనానికీ, లోపలి దుకాణానికీ విడివిడిగా రాసి ఉంటే ఒకదాన్ని సరిచేసినా రెండోది పాత కోడ్‌తోనే ఉండిపోతుంది.