కారవాన్ నీటి ఇన్‌లెట్ పగిలితే: హనుమకొండ నుంచి తాడ్వాయి దాకా

రామప్ప, లక్నవరం, తాడ్వాయి వైపు కారవాన్‌తో బయలుదేరేవాళ్లకు గట్టిగా చెప్పేది ఒకటే. బయటి గోడకుండే నీటి ఇన్‌లెట్ (బండిలోకి నీళ్లు ఎక్కించే మూతి) మూత ఊగుతున్నా, దాని చుట్టూ చెమ్మ కనిపించినా రిపేరు పని హనుమకొండలోనే ముగించుకుని కదలండి. ములుగు దాటాక 163వ జాతీయ రహదారి అడవిలోకి పోతుంది. అక్కడ పంక్చరు వేసే మనిషి దొరకొచ్చు గానీ, ఫుడ్ గ్రేడ్ పైపు (తాగేనీళ్లకు పనికొచ్చేది), బ్యూటైల్ టేపు (నీళ్లు దిగకుండా అంచులకు వేసే జిగురు పట్టీ) దొరుకుతాయన్న నమ్మకంతో వెళ్లొద్దు.

టెంపో ట్రావెలర్ మీద కట్టించిన బండ్లకు సాధారణంగా నేరుగా ట్యాంకులోకి నింపే మూతి ఉంటుంది. దాని వెనక నీళ్లకు లావుపైపు ఒకటి, గాలి పోవడానికి సన్నపైపు ఒకటి. కారు వెనక తగిలించి లాగే కారవాన్లలో వేల్, ట్రూమా లాంటి కంపెనీల సాకెట్ కనిపిస్తుంది. బయట క్యాన్‌లో ముంచిన 12 వోల్టుల పంపును దానికి తగిలిస్తే నీళ్లూ కరెంటూ ఒకేచోట కలుస్తాయి. చలిదేశాల్లో లోపల మిగిలిన నీళ్లు గడ్డకట్టి ఈ సాకెట్ పగులుతుంది. మన దగ్గర ఆ పని ఎండ చేస్తుంది: ప్లాస్టిక్ పెళుసై మూత కీలు దగ్గర విరుగుతుంది. బోరు నీళ్ల తెల్లపొర నాన్ రిటర్న్ వాల్వ్‌లో (నీళ్లు వెనక్కి రాకుండా ఆపే వాల్వ్) పేరుకుంటే అది సరిగా మూసుకోదు.

సాకెట్‌ను మోడల్ చూసి ముందే తెప్పించుకోవాలి. మిగతా సామాను, అంటే 304 స్టెయిన్‌లెస్ స్క్రూలు, హోస్ క్లిప్పులు, పైపు, వరంగల్ చౌరస్తా చుట్టుపక్కల హార్డ్‌వేర్ షాపుల్లో అడగండి. తోటకు వాడే ఆకుపచ్చ పైపు తీసుకోవద్దు, నీళ్లకు వాసన పడుతుంది.

పనికి బస ఎక్కడ అంటే మా ఓటు నక్కలగుట్టలోని పర్యాటక సంస్థ హోటల్ హరిత కాకతీయకే. ఊరి మధ్యలో ఉంది, ఏదైనా తక్కువైతే ఆటోలో వెళ్లి తెచ్చుకోవచ్చు. గది తీసుకునేముందే ఫోన్ చేసి పెద్దబండికి జాగా ఉందా, ఆవరణలో నల్లా ఉందా అని అడగండి.

పని పొద్దున్నే నీడలో మొదలుపెట్టండి. మధ్యాహ్నం రేకు కాలితే బ్యూటైల్ టేపు మెత్తబడి జారుతుంది. ముందు 12 వోల్టుల కరెంటు ఆపి, నల్లాలన్నీ తెరిచి లైను ఖాళీ చేయాలి. స్క్రూలు విప్పాక పాత సీలెంట్‌ను ప్లాస్టిక్ గీకుడుపట్టీతోనే తీయండి. ఇనుప పట్టీ అయితే పెయింటు లేస్తుంది. సాకెట్‌ను ఒక్కసారిగా లాగితే వెనక తీగలు తెగుతాయి. విప్పేముందు ఫోటో తీసుకోండి. తీగలు తారుమారైనా పంపు తిరుగుతుంది, కానీ ధార సన్నగా వస్తుంది. పైపు పట్టేసి ఊడకపోతే వేడినీళ్లలో తడిపిన గుడ్డ కాసేపు చుట్టి ఉంచితే మెత్తబడుతుంది.

ఇప్పుడు రంధ్రం అంచున ఉన్న చెక్కను స్క్రూడ్రైవర్ కొనతో పొడిచి చూడాలి. దిగబడిందంటే లోపల కుళ్లినట్టే. ఆరబెట్టకుండా, ఆ ముక్క మార్చకుండా మీద కొత్త సాకెట్ పెడితే కొన్నాళ్లకు గోడే ఉబ్బుతుంది. చాలామంది తొందరలో వదిలేసేది సరిగ్గా ఈ దశనే. పాత రంధ్రం పెద్దదైతే వ్యాను బాడీలు కట్టే మేస్త్రీతో అల్యూమినియం రేకు కోయించి అడుగున వేయించండి.

టేపు లేకుండా ఒకసారి కూర్చోబెట్టి చూసి, ఆ తర్వాతే అంచు చుట్టూ తెగకుండా బ్యూటైల్ వేయండి. స్క్రూలను చేత్తో, ఎదురెదురుగా, కొద్దికొద్దిగా బిగించాలి. డ్రిల్‌తో బిగిస్తే ప్లాస్టిక్ అంచు పగులుతుంది. వెనిగర్ వాసన వచ్చే బాత్రూం సిలికాన్ వద్దు, అది లోహాన్ని తింటుంది. బ్యూటైల్ బదులు పాలియురెథేన్ సీలెంట్ వాడితే 24 గంటలకు దాదాపు 3 మి.మీ. లోతే గట్టిపడుతుంది. ఆ రోజు బండి కదపకుండా, 1163 నాటి వేయిస్తంభాల గుడి, ఓరుగల్లు కోట చూసిరండి. ఓ-రింగ్‌కు (నీళ్లు కారకుండా ఉండే రబ్బరు చుట్టు) వ్యాజిలీన్ రాయొద్దు, రబ్బరు ఉబ్బుతుంది. సిలికాన్ గ్రీజు రాయాలి.

పరీక్షకు పంపు వేసి నల్లాలు ఒక్కొక్కటిగా తెరిచి గాలి పోనివ్వండి. వెనకవైపు టిష్యూ కాగితం ఒత్తిచూస్తే సన్న కారుడు కూడా తెలుస్తుంది. ప్రెషర్ స్విచ్ (లైనులో ఒత్తిడి తగ్గితే పంపును తనంతట తానే నడిపేది) ఉన్న బండిలో నల్లాలన్నీ మూసినా పంపు మధ్యమధ్య మోగుతుంటే వాల్వ్‌లోనో జాయింట్‌లోనో లీకు ఉన్నట్టు. చివరగా ట్యాంకును శుద్ధి చేయడానికి 100 లీటర్ల నీళ్లకు 100 మి.లీ. చొప్పున సెంటు కలపని 5 శాతం సోడియం హైపోక్లోరైట్ (బ్లీచ్ ద్రావణం) కలిపి, నల్లాల దాకా రానిచ్చి, 4 గంటలు ఉంచి, క్లోరిన్ వాసన పోయేదాకా కడగాలి.

ఇక దారిలో రామప్ప దగ్గర ఆగడం సుఖం. గుడీ చెరువూ దగ్గరదగ్గరే. లక్నవరంలో ద్వీపం కాటేజీలకు వేలాడే వంతెన మీద నడిచి వెళ్లాలి, బండి ఒడ్డునే ఉంటుంది. కారవాన్‌లోనే పడుకునేవాళ్లకు ఆ గది డబ్బు దండగ. తాడ్వాయి హరిత బస అడవి మధ్యన ఉంది, నిశ్శబ్దానికి అదే మేలు. అక్కడికి మాత్రం ట్యాంకు ములుగులోనే నింపి, 20 లీటర్ల క్యాన్లు రెండు అదనంగా పెట్టుకోండి. సాకెట్ మళ్లీ మొండికేస్తే పంపును ఆ క్యాన్‌లోనే వేసి, పైపును కిటికీలోంచి లోపలికి తీసుకోవచ్చు. రెండేళ్లకోసారి మాఘమాసంలో మేడారం జాతర జరిగే రోజుల్లో ఈ దారిలోకి కారవాన్ తీసుకురావద్దు.